‘ఆడవాళ్ళకి చిన్న రివాల్వర్ చాలు’ అన్న మాట గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో మన తెలుగు కుటుంబాలు తుపాకులు కొంటున్నాయంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. భయం గురించి రాసినదంతా నిజమే, నేను కాదనను. కానీ అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆడవాళ్ళకైతే హ్యాండ్‌బ్యాగులో పట్టే చిన్న, తేలికైన రివాల్వర్ సరిపోతుందని రాశారు. ఇక్కడ తుపాకుల షాపులో కౌంటరు వెనక నిలబడే కుర్రాడు కూడా సరిగ్గా అదే చెబుతాడు. భార్యకి కొనాలని భర్త వస్తే అద్దాల బల్లలోంచి అన్నిటికంటే బుల్లిది తీసి చేతిలో పెడతాడు. గులాబీ రంగు పిడి ఉంటే అదీ చూపిస్తాడు. ఆవిడ పట్టుకుని "అబ్బ, ఎంత తేలికో" అంటుంది. బేరం అయిపోతుంది. ఆ మాట మీద నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

మేం ఉండేది టెక్సాస్‌లో, టైలర్ దగ్గర చిన్న ఊళ్ళో. మా ఆయనా నేనూ గ్యాస్ స్టేషనూ, దాన్ని ఆనుకుని ఉన్న స్టోరూ నడుపుతాం. పుట్టి పెరిగింది తెనాలి పక్కన పల్లెటూరు. నేను తుపాకీ నేర్పే టీచర్ని కాను. కాకపోతే మన ఆడవాళ్ళెవరైనా మొదటిసారి రేంజికి, అంటే తుపాకీ పేల్చడం నేర్చుకునే చోటికి, వెళ్ళాలంటే "అక్కా, నువ్వు తోడు రావా" అని నన్నే పిలుస్తారు. అక్కడి మగ టీచర్ల ముందు సందేహాలు అడగడానికి మొహమాటం. పక్కన నిలబడి చూసి చూసి తెలిసిందే ఇది.

రివాల్వర్ తప్పు అనడం లేదు నేను. నా దగ్గరున్నవి రివాల్వర్లే. పిస్టల్‌కైతే పైన స్లైడు వెనక్కి లాగాలి, కీళ్ళ నొప్పులున్న చేతులకి అది పెద్ద పని. తూటాలు పెట్టే మ్యాగజైన్ అనే డబ్బీ పిడిలోంచి తీసేసినా గొట్టంలో ఒక తూటా మిగిలిపోవచ్చు. "ఖాళీయే కదా" అనుకుని పేల్చుకున్నవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే. రివాల్వర్‌లో తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ పక్కకి తెరిస్తే ఐదో ఆరో గదులు కంటికి ఎదురుగా కనిపిస్తాయి, తూటా ఉందో లేదో వేలితో తడిమి కూడా చూసుకోవచ్చు. ఒక తూటా పేలకపోతే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది. అలాగని రివాల్వర్ ఎప్పుడూ మొరాయించదనడం కూడా అబద్ధమే. మరీ తేలిక రివాల్వర్లలో ఒకటి పేలిన కుదుపుకి పక్క గదిలోని తూటా మొన ముందుకి జారి సిలిండర్ తిరగకుండా పట్టేయడం ఉంది. కాలని తుపాకీ మందు పలుకులు, ఖాళీ తూటా గొట్టాల్ని బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్ కింద చేరినా అంతే. ఇక తూటాలు ఐదే. అవి అయిపోయాక మళ్ళీ నింపడం, చేతులు వణుకుతున్నప్పుడు, అంత తేలిక కాదు.

అసలు విషయం బరువు. స్మిత్ అండ్ వెసన్ 642 అని ఒకటి ఉంది, ఇక్కడ ఏ షాపులోనైనా కనిపిస్తుంది. నాలుగు వందల గ్రాముల పైచిలుకు ఉంటుంది. గొట్టం రెండంగుళాలకి కాస్త తక్కువ. రూగర్ కంపెనీ 2009లో తెచ్చిన ఎల్.సి.ఆర్. ఇంకా తేలిక, నాలుగు వందల గ్రాముల లోపే. రెండిట్లోనూ పడేది .38 స్పెషల్ అనే సైజు తూటా, ఒక్కోదాంట్లో ఐదు. అదే కంపెనీ జి.పి.100, నాలుగంగుళాల గొట్టంది, మొత్తం స్టీలు, కిలో పైన ఉంటుంది. దాంట్లో కూడా అదే .38 వేయొచ్చు. తూటా ఒకటే, మందు ఒకటే, వెనక్కి తన్నే తోపూ ఒకటే. కిలో బరువున్నది ఆ తన్నుని తనలోనే మింగేస్తుంది. నాలుగు వందల గ్రాములది తెచ్చి మీ అరచేతికి అప్పజెబుతుంది. తేలిక రోట్లో పచ్చడి నూరితే పచ్చడి నలగదు, రోలు గెంతుతుంది. ఇదీ అంతే.

ట్రిగ్గర్ సంగతి కూడా చెప్పాలి. ఈ చిన్న రివాల్వర్లలో చాలావాటికి తూటాని పేల్చే సుత్తి లోపలే దాగి ఉంటుంది, బొటనవేలితో వెనక్కి లాగి తేలిగ్గా పేల్చే వీలుండదు. ప్రతిసారీ ట్రిగ్గర్ పూర్తిగా లాగాల్సిందే. అందుకు కావలసిన బలం పన్నెండు పౌన్ల దాకా, అంటే ఐదు కిలోల పైమాటే. ఎల్.సి.ఆర్.ది దానికన్నా కొంచెం మెత్తగా ఉంటుంది. నాలుగు వందల గ్రాముల వస్తువుని కదలకుండా పట్టుకుని, ఒక్క వేలితో ఐదు కిలోలు లాగాలి. పైగా చిన్న గొట్టం మీద గురి చూసుకునే గాడి గోరంత. అనుభవమున్న వాళ్ళకే కష్టమైన తుపాకీని తీసుకొచ్చి, జీవితంలో మొదటిసారి ముట్టుకునే మనిషికి ఇస్తున్నారు. కారణం? ఆవిడ ఆడది, అది చిన్నది.

ఒక సంగతి చెబుతాను. మాకు తెలిసిన ఒకావిడ, గ్రీన్ కార్డు వచ్చిన మనిషి, భర్త పుట్టినరోజు కానుకగా ఇచ్చిన అలాంటి తేలిక రివాల్వర్‌తో రేంజికి వచ్చింది. ఏడు గజాల దూరంలో కాగితం బొమ్మ. మొదటి గుండు బొమ్మ కింద ఎడమవైపు అంచుకి తగిలింది. రెండోది కాగితానికే తగల్లేదు. రెండోసారికి ఎందుకు తప్పిందో పక్కనున్న నాకు కనిపించింది. పేలకముందే కళ్ళు మూసుకుంటోంది, మణికట్టు కిందికి దించుతోంది. దెబ్బ తగులుతుందని చెయ్యి ముందే భయపడుతోందన్నమాట. మూడోది పేల్చాక తుపాకీ బల్ల మీద పెట్టేసి చెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయి ఎర్రగా ఉంది. "అక్కా, నా వల్ల కాదు" అంది. నా జి.పి.100 ఇచ్చాను, లోపల వాడ్‌కటర్ తూటాలు. బల్లపరుపు మొన ఉన్న మెత్తటి తూటాలవి, కాగితంలో గుండ్రటి బెజ్జం కోసినట్టు పెడతాయి. ముందు ఖాళీగా పట్టుకుని "అమ్మో, బరువు" అంది. పేల్చాక ఆ మాట మళ్ళీ అనలేదు. ఐదు పేల్చింది, ఐదూ బొమ్మ ఛాతీ మీదే, సాసర్‌తో మూసేయగలిగినంత చోట. ఆవిడ చెయ్యి అదే, రోజు అదే. మారింది ముఖ్యంగా బరువు, తూటా కూడా కాస్త మెత్తనిది.

అందుకే నేను చెప్పేది ఇది: ఇంట్లో పెట్టుకునే రివాల్వర్‌కీ, ఒంటి మీద మోసుకెళ్ళే రివాల్వర్‌కీ పని వేరు. ఇంట్లో దాన్ని ఎవరూ మోయరు కదా, తేలికగా ఎందుకుండాలి? నాలుగంగుళాల గొట్టం, స్టీలు, ఆరు తూటాలు. కొత్తది ఖరీదనుకుంటే పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 దొరుకుతుంది. ఒకప్పుడు ఇక్కడి పోలీసుల నడుముకి ఉన్నది అదే. కొనేముందు సిలిండర్ మూసి పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి, వదులుగా ఊగితే వద్దు. ఒంటి మీద మోయడానికైతే చిన్నది కావాల్సిందే, కానీ చిన్నవన్నీ తేలికవి కావు. నేను మోసేది రూగర్ ఎస్.పి.101. ఐదు తూటాలదే, స్టీలుది, ముప్పావు కిలో దాకా ఉంటుంది. నడుముకి తెలుస్తుంది, నిజమే. చేతికి మాత్రం సుఖం.

తూటా విషయంలో కూడా మగవాళ్ళ సలహాలు జాగ్రత్తగా వినాలి. ".357 మాగ్నమ్ కొను, దెబ్బకి పడిపోతాడు" అంటారు. అది .38 కన్నా చాలా బలమైన తూటా. .357 రివాల్వర్ కొనడంలో తప్పు లేదు, ఎందుకంటే దాంట్లో .38 స్పెషల్ కూడా పడుతుంది. .38 దాంట్లో .357 పట్టదు. నేను కొన్నవి .357వే, నింపేది .38. అర్ధరాత్రి చీకటి గదిలో చిన్న గొట్టంలోంచి మాగ్నమ్ పేలితే ఆ మంటకి కళ్ళు బైర్లు కమ్ముతాయి, మూసిన గదిలో ఆ చప్పుడుకి చెవులు దిబ్బడేస్తాయి. .38 కూడా ఏమీ తక్కువ తినలేదు, 150 డెసిబెల్స్ దాటుతుంది. ఇంకొకటుంది, మనవాళ్ళు దీన్ని అసలు ఆలోచించరు. మన ఊళ్ళో గోడంటే ఇటుక గోడ. ఇక్కడ ఇంటి లోపలి గోడలు రెండు జిప్సం పలకలు, మధ్యలో ఖాళీ. గుండు దాంట్లోంచి సులువుగా దూసుకెళ్ళి పక్క గదిలో తేలుతుంది. ఆ పక్క గదిలో మీ పిల్లలు పడుకుంటారు. కొనే ముందు పగటిపూట మంచం దగ్గర నిలబడి, తలుపు వైపు చెయ్యి చాపి, ఆ గీతలో ఏ గది ఉందో చూసుకోండి. మా ఇంట్లో అలా చూశాకే మంచం ఇంకో గోడకి మార్చాం.

చేతిలో బలం లేనివాళ్ళకి .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ అనే తూటా మంచిది. పేరులో మాగ్నమ్ ఉన్నా దెబ్బ .38 కన్నా తక్కువ, అంతే చిన్న సైజు రివాల్వర్‌లో ఐదుకి బదులు ఆరు పడతాయి. స్మిత్ అండ్ వెసన్ 2024లో మళ్ళీ ఈ సైజులో తెచ్చింది. తూటాలు మాత్రం ప్రతి షాపులో దొరకవు, ఖరీదు కూడా. అన్నిటికన్నా చిన్న తూటాలు పడే .22 రివాల్వర్ నేర్చుకోవడానికి బావుంటుంది. దాని తూటాలు మిగతావాటికన్నా ఎక్కువగా పేలకుండా మొరాయిస్తాయి కాబట్టి ప్రాణం దాని మీద పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు మీ వ్యాసంలో అసలు లేని విషయం. మా ఊళ్ళో యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివే కుర్రాడొకడు శనివారాలు మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఒకరోజు పప్పుచారు పోసుకుంటూ, "ఆంటీ, మా అపార్టుమెంట్ దగ్గర దోపిడీ జరిగింది, మీ పేరు మీద నాకో చిన్న రివాల్వర్ కొనిపెట్టరా, డబ్బులిచ్చేస్తా" అన్నాడు, పచారీ సామాను తెమ్మన్నంత మామూలుగా. వాడి తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు వాడికి.

ఎఫ్-1 మీద వచ్చిన విద్యార్థి, హెచ్-1బి మీద వచ్చిన ఉద్యోగి, హెచ్-4 మీద వచ్చిన భార్య, బి-2 మీద మనవణ్ణి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు, వీళ్ళెవరూ అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఇంతే. చట్టబద్ధంగా వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. దాన్ని అడ్డదారిగా వాడుకునే ముందు లాయర్ని కలవండి, వాట్సాప్ గ్రూపుని కాదు. రేంజిలో అద్దెకి తీసుకుని సరదాగా పేల్చినా అది దగ్గర పెట్టుకోవడం కిందకే వస్తుంది. షాపులో 4473 అనే ఫారం నింపాలి, అందులో వీసా గురించి సూటిగా అడుగుతారు. అబద్ధం రాస్తే నేరం. ఇలా తుపాకీ పెట్టుకోకూడనివాళ్ళ కోసం నా పేరు మీద కొంటే, 2022లో వచ్చిన చట్టం ప్రకారం నాకు 15 ఏళ్ళ దాకా జైలు. వాడికి కూడా తుపాకీ దొరికితే అంతే శిక్ష పడొచ్చు, ఆ పైన దేశం నుంచి పంపించేస్తారు. గ్రీన్ కార్డు వస్తే కొనుక్కోవచ్చు. పిస్టల్, రివాల్వర్ లాంటివి లైసెన్సున్న డీలరు దగ్గర కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి.

ఇంకో మెలిక. భర్తకి గ్రీన్ కార్డు ఉండి, ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు ఉన్నారనుకోండి. తుపాకీ ఆయనదే. కానీ సేఫ్ తాళం నంబరు మామగారికి కూడా తెలిస్తే, ఆయన చేతిలో కూడా ఉన్నట్టే లెక్క అని వాదించొచ్చు. మా అమ్మ ఇక్కడికి వచ్చిన ఆర్నెల్లూ నంబరు మార్చేశాం. అమ్మకి కోపం వచ్చింది, "నేనేం దొంగనా" అని. కేసుల్లో ఇరుక్కునేకన్నా అమ్మ కోపమే నయం కదా!

2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజు నాడే, తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. మీరే వేశారు ఆ వార్త, మొదటి పేజీలో. ఆ అబ్బాయి గురించి నేనేమీ అనను. కానీ దొంగల చేతిలో చనిపోయినవాళ్ళ గురించి రాసినంతగా, సొంత తుపాకీతో పోయినవాళ్ళ గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

మోసుకెళ్ళడం సంగతికొస్తే, హ్యాండ్‌బ్యాగు గురించి రాసిన వాక్యాన్నే ముందు కొట్టేయాలి. బ్యాగు అంటే దొంగ ముందు లాక్కునేదే. షాపింగ్ కార్టులో వదిలేసేది అది, పక్కవాళ్ళ పిల్లలు చాక్లెట్ కోసం తడిమేది అది. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలో హేడెన్ అనే ఊళ్ళో, వాల్‌మార్ట్‌లో, రెండేళ్ళ పిల్లాడు కార్టులో కూర్చుని తల్లి బ్యాగులోంచి తుపాకీ తీశాడు. అది పేలి ఆ తల్లి అక్కడికక్కడే పోయింది. తుపాకీ ఒంటి మీదే ఉండాలి, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో. ప్యాంటు జేబులో పెడితే జేబు హోల్‌స్టర్‌లోనే. ఆ జేబులో తాళాలు, లిప్‌స్టిక్, టిష్యూలు ఇంకేవీ ఉండకూడదు. నేను స్టోరులో ప్యాంటూ, వదులు చొక్కా వేసుకుంటాను కాబట్టి నడుము బెల్టు ఆపుతుంది. చీర కట్టిన రోజు తీసుకెళ్ళను. కుచ్చిళ్ళలో దోపుకుని అవతల ఎవరో అక్షింతలు వేయడానికి వంగమంటే వంగడం, ఆ టెన్షన్ నాకొద్దు. చుడీదార్ మీద నడుముకి చుట్టుకునే గుడ్డ పట్టీలు అమ్ముతారు. కొన్నిటికి ట్రిగ్గర్ దగ్గర గుడ్డ తప్ప ఏమీ ఉండదు, అలాంటివి వద్దు. సుత్తి బయటికి ఉన్న మోడల్ అయితే గుడ్డకి తగులుకుంటుంది. మోసేదానికి సుత్తి లోపల ఉన్న మోడలే మేలు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డు లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్, రివాల్వర్ మోయొచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే చెబుతాను. పరీక్షలో మూడు, ఏడు, పదిహేను గజాల దూరం నుంచి యాభై తూటాలు పేల్చాలి, డెబ్బై శాతం వస్తే పాస్. ఆ యాభై తూటాల్లోనే మీరు కొన్నది మీ చేతికి సరిపడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. రెండో కారణం, బడి చుట్టూ వెయ్యి అడుగుల్లో తుపాకీ ఉండకూడదని కేంద్ర చట్టం. అందులో మినహాయింపు రాష్ట్రం లైసెన్సు ఉన్నవాళ్ళకి ఉంది. ఏ ఊళ్ళో చూసినా బడి పక్కనుంచే కదా రోడ్డు!

మన ఉగాది సంబరాలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు చాలాచోట్ల హైస్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని చేస్తారు. ఆ భవనంలోకి తుపాకీతో వెళ్ళడం నేరం, లైసెన్సు ఉన్నా సరే. పోస్టాఫీసు కూడా అంతే. బార్ దగ్గర ఎర్రటి 51 అంకె ఉన్న బోర్డు కనిపిస్తే లోపలికి తీసుకెళ్ళకూడదు. గుడి, ఆసుపత్రి, షాపు ఎక్కడైనా 30.06 అనే బోర్డు ఉంటే కనిపించకుండా మోసుకెళ్ళడం కూడా కుదరదు. బోర్డు ఇంగ్లీషులో, స్పానిష్‌లో అంగుళం ఎత్తు అక్షరాలతో ఉంటుంది. తెలుగులో ఉండదు కాబట్టి మనమే వెతుక్కోవాలి. కారులో వదిలి వెళ్ళాల్సి వస్తే సీటు కింద పెట్టేసి రాకండి, కారుకి బిగించే చిన్న ఇనప పెట్టెలు దొరుకుతాయి.

ఇంట్లో దాచడం గురించి. మెత్తలకింద, బీరువాలో చీరల మధ్య, బియ్యం డబ్బాలో, మనవాళ్ళు బంగారం దాచే చోట్లన్నీ తుపాకీకి పనికిరావు. పిల్లలకి అవన్నీ తెలుసు. టెక్సాస్ చట్టం ప్రకారం 17 ఏళ్ళలోపు పిల్లలకి తూటా నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ళ మీద కేసు. మంచం పక్క గోడకో, సొరుగులోనో బోల్టులతో బిగించే చిన్న సేఫ్ కొనండి. బ్యాటరీ అయిపోతే తెరుచుకోని రకం కాకుండా, మీటలు నొక్కే మెకానికల్ తాళంది చూసుకోండి. చీకట్లో, కళ్ళజోడు లేకుండా తెరవడం అలవాటు చేసుకోండి, తుపాకీ లోపల లేకుండా.

బంగారం మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి బాగా తెలుసు. హ్యూస్టన్‌కి చెందిన ఒక ఆడమనిషి నడిపిన ముఠా 2011-2014 మధ్య టెక్సాస్, జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్ రాష్ట్రాల్లో భారతీయుల, ఆసియా వాళ్ళ ఇళ్ళే ఏరి దోచుకుంది. మనుషులు ఇంట్లో ఉండగానే చొరబడ్డారు. ఆవిడకి 2019లో 37 ఏళ్ళ శిక్ష వేశారు. అలాంటప్పుడు తుపాకీ పనికొస్తుందని అనొచ్చు. కానీ మాకు తెలిసిన ఇళ్ళలో దొంగతనాలన్నీ ఇంటిల్లిపాదీ గృహప్రవేశానికో, ఊరికో వెళ్ళిన రోజు జరిగినవే. అప్పుడు రివాల్వర్ ఏం చేస్తుంది? గట్టిగా బిగించిన సేఫ్‌లో లేకపోతే బంగారంతో పాటు అదీ వెళ్ళిపోతుంది. నగలు బ్యాంకు లాకర్లో పెట్టి, తలుపు చట్రానికి మూడంగుళాల స్క్రూలు వేయించండి. మా ఇంట్లో జరిగిన మొదటి ఖర్చు అదే, తుపాకీ తర్వాత వచ్చింది.

స్టోరులో కూడా నా పద్ధతి అంతే. గల్లాలో డబ్బు అడిగితే ఇచ్చేస్తాను. టెక్సాస్ చట్టం ఆస్తి కోసం కాల్చడానికి కొన్ని సందర్భాల్లో ఒప్పుకుంటుందని మగవాళ్ళు చెబుతుంటారు. ఒప్పుకోనీ. గల్లాలో సాయంత్రానికి ఉండే నోట్ల కోసం నేను ట్రిగ్గర్ నొక్కను. నన్ను వెనక గదిలోకి నడవమంటే మాత్రం వేరే లెక్క.

ఇండియా వచ్చే వాళ్ళకి ఒక మాట. రేంజికి తీసుకెళ్ళే బ్యాగుని ప్రయాణానికి వాడొద్దు. పక్క అరలో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు, స్టేషను, విమానం తప్పిపోవడం. తెలియక ఉండిపోయిందని కోర్టులు కొట్టేసిన కేసులు ఉన్నాయి, కానీ అదంతా అయ్యేసరికి సెలవు అయిపోతుంది.

అక్కడి పాఠకులు ఈ వ్యాసం చూసి మాకూ ఒకటి ఉంటే బావుండు అనుకుంటారేమో. అక్కడ కలెక్టరో, నగరంలో పోలీసు కమిషనరో లైసెన్సు ఇవ్వాలి, ఎన్నికలొస్తే పట్టుకెళ్ళి స్టేషన్లో అప్పజెప్పాలి. మా పుట్టింటి వీధిలో ఒకాయనకి లైసెన్సు తుపాకీ ఉండేది, ఎన్నికలప్పుడు దాన్ని స్టేషనుకి మోసుకెళ్తుంటే పిల్లలందరం వెనకాల నడిచేవాళ్ళం. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ అని ఆడవాళ్ళ కోసమంటూ ఒక .32 రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, ధర లక్షా ఇరవై వేల పైన. అప్పుడు కూడా గొప్పగా చెప్పింది పర్సులో పడుతుందనీ, తేలికనీ. ఆడవాళ్ళకి అది ఎలా పేలుతుంది, రెండో గుండు ఎక్కడ తగులుతుంది అని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు.

కొనాలనుకునేవాళ్ళు, చట్టం ఒప్పుకునేవాళ్ళు, ముందు రేంజిలో అద్దెకి తీసుకోండి. చిన్నదీ పెద్దదీ రెండూ. ఖాళీగా, బొమ్మ తూటాలు వేసుకుని, పది సార్లు వరసగా ట్రిగ్గర్ లాగండి. పదోసారి లాగేసరికి గొట్టం చివరనున్న గురి మొన వణుకుతుంటే అది మీది కాదు. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి చేరకపోతే పిడి మార్చి చూడండి, మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. సిలిండర్ తెరిచే మీట స్మిత్ అండ్ వెసన్‌లో ముందుకి తొయ్యాలి, రూగర్‌లో లోపలికి నొక్కాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి. ఏది మీ బొటనవేలికి సుఖమో చూసుకోండి. 642 గానీ ఎల్.సి.ఆర్. గానీ ఐదారు వందల డాలర్లలో వస్తుంది. తూటాలకీ రేంజికీ అంతే డబ్బు పక్కన పెట్టుకోలేకపోతే కొనడం మానేయండి. భర్తలు కూడా దయచేసి కానుకలుగా తేవద్దు. ఆవిణ్ణి తీసుకెళ్ళి, ఆవిడ చేత్తో పట్టించి, ఆవిడ ఎంచుకున్నదే కొనండి, ఆవిడ పేరు మీద, ఆవిడ ఫారం ఆవిడే నింపి.

సంపాదకుల వారిని కోరేది రెండే. వచ్చే ఆదివారం ఆ హ్యాండ్‌బ్యాగు వాక్యానికి సవరణ వేయండి. దానితో పాటు ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, బి-2 మీద ఉన్నవాళ్ళకి తుపాకీ నిషేధమని పెద్ద అక్షరాలతో ఒక పెట్టె కట్టి వేయండి. ఇక్కడి పిల్లల కన్నా ముందు అది అక్కడి తల్లిదండ్రుల కంట పడాలి, వాళ్ళు ఫోన్లో చెబితే వింటారు. నా పేరు మాత్రం ప్రచురించకండి. మా స్టోరుకి వచ్చేవాళ్ళకి నా నడుముకి ఏముందో తెలియనక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
టైలర్ దగ్గర, టెక్సాస్